ఒకే కాగితానికి రెండు వైపులా

మాస్టారు పోయి నేటికి పంతొమ్మిది రోజులు. ఆ మంగళవారం పొద్దున్న నేను పులిహోరకి పోపు వేస్తూంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాన్న లేవట్లేదు" అంది. ఆ గొంతులోనే తెలిసిపోయింది. లిఫ్ట్ కోసం ఆగలేక మూడంతస్తులూ మెట్ల మీదే ఎక్కాను. మంచం పక్క బల్ల మీద మడిచిన కళ్ళజోడు, దాని పక్కన చెక్కిపెట్టిన పెన్సిల్ ఉన్నాయి. పడుకునే ముందు రోజూ ఒక పెన్సిల్ చెక్కిపెట్టుకోవడం ఆయన అలవాటు. పొద్దున్నే పనిలోకి దిగడానికి.

నేను రాసేదాన్ని కాను. నా చేత్తో రాసినవి రామకోటి పుస్తకాలు, సరుకుల చీటీలు, మాస్టారి కోసం ఎత్తి రాసిన కాగితాలు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం ఇదే మొదలు. పోయిన ఆదివారం సంస్మరణ సభలో ఒక అమ్మాయి నన్ను ఒక మాట అడిగింది. నేను అబద్ధం చెప్పాను. వారం రోజులుగా దీపం పెడుతున్నా, జపం చేస్తున్నా ఆ అబద్ధమే నోటికి అడ్డం పడుతోంది. ఇంట్లో చెబితే "పోనీలే, ఇప్పుడదెందుకు" అంటారు. అందుకే ఈ పుస్తకం చేతికొచ్చిన మీకు, మీరెవరైనా సరే, చెబుతున్నాను.

మాది కెనడాలో, టొరంటో తూర్పున స్కార్‌బరోలో పద్దెనిమిది అంతస్తుల బిల్డింగు. మావారు పొద్దున్నే ఒషావా ఫ్యాక్టరీకి వెళ్ళిపోతారు. మాస్టారు మా పైన మూడో అంతస్తులో కూతురి దగ్గర ఉండేవారు. గుంటూరు వైపు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మొదటిసారి నన్ను కింద లాండ్రీ గదిలో చూశారు. మిషన్లో బట్టలు తిరుగుతూంటే నేను రామకోటి రాసుకుంటున్నాను.

"ఏం రాస్తున్నారమ్మా?"

"రామకోటండీ."

"ఏదీ, ఇలా ఇవ్వండి."

కళ్ళజోడు నుదుటి మీదికి తోసి పేజీని కంటికి ఆనించుకుని చూశారు. "మొదటి వరసకీ చివరి వరసకీ తేడా లేదే! ఎంతవరకు చదివారు?"

"పదో తరగతండీ."

"చాలు. బాగా చదువుకున్నవాళ్ళని ఎత్తి రాయమంటే సరిదిద్దుతారు. మీరు సరిదిద్దరు."

అప్పటికే ఆయన చేయి వణుకుతోంది. అలా మొదలైంది. రోజూ పదింటికి మంకీ క్యాప్ పెట్టుకుని, గుడ్డసంచీ పట్టుకుని దిగేవారు. జూలైలో కూడా ఆ క్యాప్ తియ్యలేదు. నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చప్పటి కాఫీ తాగుతూ, బల్ల మీద వేళ్ళతో గణాలు లెక్కపెట్టేవారు. ఆ టకటకకి నేను బీన్స్ తరిగేదాన్ని. ఎంత బాగా రాసినా "ఊఁ, కనపడుతోంది" అనేవారు. అంతకు మించిన మెప్పు ఆయన నోట నేను వినలేదు.

ఆయన పని ఇదీ. వందేమాతరం రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు ప్రెస్సులుండేవట. ఒకటి స్వదేశీ పత్రిక, రెండోది దొరల్ని పొగిడే పత్రిక. వారం వారం ఒకదాన్నొకటి పద్యాల్లో తిట్టుకునేవి. జనం రెండూ కొనేవాళ్ళు, ఒకటి చదివితే తగువు సగమే తెలుస్తుంది కాబట్టి. స్వదేశీ పత్రికలో మారుపేరుతో ఆ వెక్కిరింత పద్యాలు రాసింది మాస్టారి తాతగారు. మచ్చుకి ఒకటి:

దొరల బండి వెనుక దుమ్ము మింగినవాఁడు
బిరుదు దొరకెననుచు బీగె నేడు
తలను దుమ్ము నిలిచి తళతళలాడగా
పతకమనియె జూచి పల్లె యెల్ల

దానికి తరువాతి వారం ఎదుటి పత్రికలో వచ్చిన జవాబు ఇది:

సీమ మరను దెచ్చి చీకటింటను నిల్పి
సీమ సరుకు వలదు ఛీ యటంచు
అచ్చు గొట్టినట్టి యా పత్రికను జూచి
మరయె నవ్వుచుండె మరల మరల

మర అంటే అచ్చుయంత్రం. విదేశీ వస్తువులు వద్దని అరిచే పత్రికని అచ్చువేసేది ఓడలో దిగిన విదేశీ యంత్రమేనని ఎత్తిపొడుపు. ఎత్తి రాస్తూ నేను పైకే నవ్వేశాను. మాస్టారికి కోపం వచ్చింది.

"నవ్వకండమ్మా. అది అమ్ముడుపోయిన కలం."

ఆ మాటే ఆయన నలభై ఏళ్ళ కిందట తన పుస్తకంలో రాశారు. ఆ దొరల పత్రిక సంపాదకుడే ఆ పద్యాలు రాశాడని అందరూ అనుకున్నట్టే ఆయనా అనుకుని, పేరు పెట్టి మరీ తిట్టారు. మాస్టారికి ఊళ్ళో ఉన్న గౌరవం, ఇక్కడికొచ్చాక దొరికిన గౌరవం, అన్నీ తాతగారి వల్ల వచ్చినవే. ఇక్కడి తెలుగు సంఘం ఏటా ఇచ్చే అవార్డు కూడా ఆ తాతగారి పేరు మీదే.

సంఘం అన్నాను కానీ, సంఘాలు రెండు. ఉగాదికి హాలు ఎవరు మాట్లాడాలన్న తగువులో ఒకటి రెండయింది. ఈ నాలుగైదేళ్ళలో విద్యార్థులు తండోపతండాలుగా దిగుతూంటే రెండు సంఘాలవాళ్ళూ ఎయిర్‌పోర్టులో పోటీలు పడి బోర్డులు పట్టుకుని నిలబడేవారు. వీళ్ళు దుప్పటి ఇస్తే వాళ్ళు దుప్పటీ, కుక్కరూ ఇచ్చేవారు. పిల్లలు ఏ వాట్సాప్ గ్రూపులో చేరతారన్నదే అసలు సంగతి. ఒకరి పత్రికలో ఇంకొకరి మీద పేరడీలు పడేవి. "ఊరు మారిందమ్మా, వీధి మారలేదు" అనేవారు మాస్టారు.

మా లిఫ్టులో ఎప్పుడు చూసినా సూట్‌కేసులతో పిల్లలే. వరంగల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాస్టారితో బాగా కలిసిపోయింది. ఒకరోజు ఆయన చెప్పిందంతా విని, "గంటే సార్, మీ తాత ట్రోల్ చేసేటోడా?" అంది.

"అవునమ్మా. నూరేళ్ళ కిందటి ట్రోలరు. వారానికొక్కసారి మాత్రమే, అదీ ఛందస్సులో."

"ఛందస్సుల తిడితే కేసు గాదా సార్?"

ఆయన అంతలా నవ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను.

రెండేళ్ళ కిందట కెనడాకి అటు చివర ఉన్న సర్రీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ సంపాదకుడి మనవరాలు, ఎనభై దాటిన ఆవిడ. మాస్టారు ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద పెట్టారు.

"మా తాతని బూతులు తిట్టారట కదా నాయనా, పుస్తకంలో?"

"బూతులు కావండీ, విమర్శ."

"ఏదైతేనేం. మా తాత దొరల మనిషే, కాదనను. అంత భజన చేసినా ఒక బిరుదు కూడా ఇవ్వలేదు పాపం. కానీ పద్యం రాయడం ఆయనకి చేతకాదు. ఉత్తరం రాయాలన్నా మా నాయనమ్మ చెప్పాలి. రాయని పద్యాలకి తిట్టారే, అదీ నా బాధ."

ఎవరు రాశారో చూసి చెప్పమని, వాళ్ళ ప్రెస్సు పెట్టెలో మిగిలిన చేతిరాత కాగితాల కట్టని పోస్టులో పంపించింది. కాగితాలు గోధుమరంగుకి తిరిగి, తాకితే పొడి రాలుతున్నాయి. దస్తూరీ ఎడమకి వాలి ఉంది. మాస్టారి తాతగారి దస్తూరీ కుడికి వాలేది. పోల్చడానికేం లేదనిపించింది.

కానీ నా కళ్ళు పేజీ పైకి పోయాయి. వెనకటివాళ్ళు ఏం రాసినా పైన శ్రీ చుట్టిగానీ మొదలుపెట్టేవారు కాదు. మాస్టారి తాతగారి నోటుపుస్తకంలో ప్రతి పేజీ పైనా ఉండే శ్రీని అప్పటికి వందలసార్లు ఎత్తి రాశాను. తోకని ఎడమకి బాగా లాగి, సున్నాలో మూడు చుక్కలు పెట్టి, కింద దీపం ఒత్తి లాంటి చిన్న గీత గీసేవారు. సర్రీ నుంచి వచ్చిన కాగితాల మీదా అదే శ్రీ. అదే తోక, అవే మూడు చుక్కలు, అదే గీత. రామకోటి రాసేదానికి అక్షరం ముఖంలా గుర్తుంటుంది.

నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేకపోయాను.

"మాస్టారూ, ఈ రెండు శ్రీలూ ఒకరివేనండీ."

ఆయన భూతద్దం తీశారు. చాలాసేపు చూశారు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు.

"దస్తూరీ మార్చాడు. పేరు మార్చాడు. పక్షం మార్చాడు" అన్నారు. "ఇదెందుకు మార్చలేదు?"

"శ్రీ రాసేటప్పటికి ఇంకా వేషం వేసుకోలేదేమోనండీ. అది దేవుడికి కదా."

సంచీ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయారు. మూడు వారాలు దిగలేదు. పదింటికి కాఫీ కలపడం అలవాటై కలిపేసి, నేనే తాగేదాన్ని. ముసలాయన ఇంట్లో నిప్పు పెట్టానని నన్ను నేను తిట్టుకున్నాను. మూడు వారాల తర్వాత వచ్చి, క్యాప్ తీసి మొదటిసారి బల్ల మీద పెట్టారు. నెత్తి మీద జుట్టు పలచగా, పసిపిల్లాడిలా ఉంది.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"మంచిది. నేను చెబుతాను."

తాతగారు రెండు వైపులా ఎందుకు రాశారో ఆయనకి చివరిదాకా తెలియలేదు. ఒకరోజు "తగువు లేకపోతే రెండు పత్రికలూ మూతపడేవి" అనేవారు. ఇంకోరోజు "దేశంకన్నా పద్యం ముద్దు వాడికి, మంచి జవాబు తట్టాక ఊరుకోలేకపోయాడు" అనేవారు. మరోరోజు "భయపడ్డాడు" అనేవారు. తెలీదని ఒప్పుకోవడం ఆయనకి చేదుగా ఉండేది. పెన్సిల్ విసిరేసేవారు, నేను ఏరి ఇచ్చేదాన్ని. తెలిసిందొక్కటే: నలభై ఏళ్ళుగా తిట్టింది తప్పు మనిషిని. సర్రీ ఆవిడకి ఫోన్ చేసి, "అచ్చులో తిట్టాను, అచ్చులోనే క్షమాపణ చెబుతాను. మీరు బతికుండగా చదువుతారు" అని మాటిచ్చారు. ఆ మాట కోసమే ఆయన చివరి ఏడాదంతా గడిచింది.

అవార్డు ఇచ్చే సంఘం కార్యదర్శి మా ఇంటికే వచ్చారు. మంచివాడే, నలభై ఉంటాయేమో, ఐటీ ఉద్యోగం.

"మాస్టారూ, దేశభక్తి పద్యాలు స్పెషల్ ఇష్యూగా వేసేద్దామండీ, మీరు ఊఁ అంటే చాలు. ఆ రెండోవి ఇప్పుడెందుకండీ? కొత్తగా వచ్చిన స్టూడెంట్సు కన్ఫ్యూజ్ అయిపోతారు."

"వాళ్ళు కావట్లేదు. నువ్వే అవుతున్నావు."

"అవార్డు పేరు కూడా ఉంది కదండీ..."

"అందుకే చెబుతున్నాను."

ఈ సంగతి ఎలా పొక్కిందో, మర్నాడు రెండో సంఘం నుంచి ఫోన్. "మాకివ్వండి మాస్టారూ. ఆ దొరల పద్యాలు మాత్రమే వేస్తాం. అవార్డు తాతగారి అసలు రంగు అని హెడ్డింగ్ పెడదాం!" ఆయన మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేశారు. చేతిలో పెన్సిల్ రెండు ముక్కలైంది.

"ఒకడు ఈ సగం కోస్తానంటాడు. ఇంకొకడు ఆ సగం కోస్తానంటాడు. మొత్తం కావాలన్నవాడు ఒక్కడు లేడు."

అప్పుడొచ్చింది ఆయనకా ఆలోచన. అప్పటికి నేను రెండు పత్రికల పద్యాలూ రెండు వేరు వేరు పుస్తకాల్లో ఎత్తి రాసి ఉంచాను. మొత్తం మళ్ళీ రాయమన్నారు. విడి కాగితం మీద ముందువైపు స్వదేశీ పద్యం, దాని వెనకవైపే దాని జవాబు. "చించేవాడు రెండూ చించాలి. దాచేవాడు రెండూ దాచాలి." నాకు విసుగొచ్చింది, చెప్పకేం. అరవైనాలుగు కాగితాలు. చలికాలమంతా రాశాను. శ్రీ కూడా తాతగారు వేసినట్టే, తోకతో, చుక్కలతో రెండువైపులా ఒకేచోట వేయించారు. జవాబు దొరకని ఆఖరి పద్యం కాగితానికి వెనకవైపు క్షమాపణ. వేసవిలో ఇండియా వెళ్ళి దగ్గరుండి అచ్చు వేయిస్తానన్నారు. కాగితాల కట్ట నా దేవుడి అలమరాలోనే ఉంది. ఆ మంగళవారం ఈలోపే వచ్చేసింది.

నాలుగో రోజున కార్యదర్శి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిజంగానే ఏడ్చారు. "అక్కా, మాస్టారి చివరి పని ఒక్కసారి చూడొచ్చా?" అన్నారు. తీసిచ్చాను. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వాలి కదా, అటు తిరిగి పాలు పెట్టాను. వెనక ఫోన్ కెమెరా చప్పుడు వినిపిస్తూనే ఉంది, టక్, టక్ అని. కప్పులు పట్టుకుని వచ్చేసరికి ఆయన చివరి కాగితం మీద ఉన్నారు. ఒక్క కాగితాన్నీ వెనక్కి తిప్పలేదు. అది నేను చూశాను. "వెనకవైపు కూడా ఉందండీ" అన్నాను. నేనన్నది నాకే సరిగా వినపడలేదు. ఆయన కాఫీ బాగుందన్నారు. కాగితానికి రెండు వైపులా రాస్తే కోయలేరనుకున్నాం, మాస్టారూ నేనూ. ఫోన్ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

సభలో హాలు నిండింది. విద్యార్థుల్ని బస్సులో తీసుకొచ్చారు, భోజనాలు పెట్టారు. కుర్చీ కుర్చీకీ ఒక చిన్న పుస్తకం. నా దస్తూరీయే అచ్చయింది, ముందువైపులు మాత్రం. మొదటి పేజీలో "రాజభక్తుల అమ్ముడుపోయిన కలాలను చీల్చి చెండాడిన మహానుభావుడి వారసుడు" అని వేశారు. ఏ మాట వెనక్కి తీసుకోవాలని ఆయన ఏడాదంతా నా బల్ల దగ్గర కూర్చున్నారో, ఆ మాటే ఆయన ఫోటో కింద.

ఆ పొద్దున్నే ఆయన కూతురు నా చేయి పట్టుకుంది. "అక్కా, మిగతావి బయటికి రానివ్వకండి. ఆ రెండో సంఘంవాళ్ళు నాన్నని కూడా వదలరు. ఇప్పుడు నావల్ల కాదు. దాచండి, అంతే." సరేనన్నాను. ఆ పిల్లని తప్పు పట్టలేను.

సభలో నా పక్క కుర్చీలోకి వరంగల్ అమ్మాయి వచ్చి కూర్చుంది. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక నుంచి ముందుకి తిప్పింది.

"ఆంటీ, గింతేనా? సార్ ఇంకో దిక్కుది గూడ ఉన్నదన్నడు గదా?"

మాస్టారి కూతురు అటుపక్కనే ఉంది.

"అంతేనమ్మా" అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నాకు గట్టిగా మాట్లాడడం రాదు. ఇన్నాళ్ళూ దాన్ని నెమ్మదితనం అనుకున్నాను, నలుగురూ మెచ్చుకుంటే సంతోషించాను. ఆ రోజు హాల్లో అది నెమ్మదితనం కాదు.

గురువారం సర్రీ ఆవిడ ఫోన్ చేసింది. మాస్టారి ఫోన్ మోగుతూంటే కూతురు నాకు తెచ్చి ఇచ్చింది. "మీరే మాట్లాడండక్కా" అని వెళ్ళిపోయింది. మాస్టారు లేరని చెప్పాను.

"నాకంటే చిన్నవాడు. నేనే ముందు పోతానని తొందరపెట్టాను. పుస్తకం వచ్చిందా అమ్మాయ్?"

ఈసారి అబద్ధం ఆడలేదు. "రాలేదండీ. వస్తుందని కూడా అనుకోను. కానీ ఆయన రాసింది నా దగ్గరుంది. చదవనా?"

అలమరా తెరిచి ఆఖరి కాగితం తీశాను. నాకున్నంత గొంతుతో చదివాను. "నలభై ఏళ్ళ కిందట నా పుస్తకంలో ఒక కలం అమ్ముడుపోయిందని రాశాను. ఆ కలం మా ఇంటిది. రెండు వైపులా రాసింది మా తాతే. ఎందుకు రాశాడో నాకు తెలియదు. తెలియనివాడు తిట్టకూడదు. నేను తిట్టిన పెద్దమనిషికీ, ఆయన ఇంటివాళ్ళకీ క్షమాపణ చెప్పుకుంటున్నాను."

"ఇంకోసారి చదువు" అంది. చదివాను.

"మా తాత పద్యం ఒకటుందే, మర నవ్వేది... అదీ చదువు. అయ్యో, మా తాతది కాదుగా, మరిచేపోయాను!" అని తనే నవ్వింది. "ఎవరిదైతేనేం. అచ్చయింది మా ప్రెస్సులోనే."

ఆ పద్యం కూడా చదివాను. ఆయన మాట అచ్చులో నిలబెట్టలేకపోయాను. ఆవిడ చెవిలో మాత్రం పడింది. కూతురికి ఈ సంగతి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఇవాళ పొద్దున్న కట్ట దులుపుదామని తీసి, ఒక కాగితం బాల్కనీ తలుపు దగ్గర వెలుతురుకి పట్టుకున్నాను. సిరా అటుదిటూ ఇటుదటూ తేలింది. దొర బండీ, దుమ్మూ, నవ్వే మరా అన్నీ ఒకదానిలోకొకటి కలిసిపోయి ఒక్క పద్యమూ చదవడానికి రాలేదు. పైన శ్రీలు రెండూ మాత్రం తేటగా కనిపించాయి. ఒకటి తిన్నగా, ఒకటి తిరగబడి, తోకలు అటొకటీ ఇటొకటీ, చుక్కల మీద చుక్కలు.

అరవైనాలుగు కాగితాలూ, వాటి మీద ఈ నా కాగితాలూ కలిపి ఎర్రదారంతో కుట్టాను. రామకోటి పుస్తకాల అడుగున ఉంటాయి. మీ చేతికి వస్తే తడి తగలనివ్వకండి. మాస్టారి కూతురికి మాటిచ్చాను కాబట్టి ఇదొక్కటి చెప్పాలి: దాచండి. ఎవరికీ చూపించకండి.